తూకానికి వెళ్ళిపోయిన 1972

నాన్న పోయిన రెండో వానాకాలంలో తెనాలి ఇంటి శ్లాబు కారడం మొదలైంది. సరిగ్గా ఆ కారే చోటి కిందే, అటక మీద, ఆయన పత్రికల మూటలున్నాయి. అమ్మ ఫోన్ చేసి, "అమ్మాయ్, మీ నాన్న పుస్తకాలు తడిసిపోతున్నాయే. నాకు నిచ్చెన ఎక్కే ఓపిక లేదు. వచ్చి ఏదో ఒకటి చెయ్యి" అంది. నేనుండేది విజయవాడలో. రైలెక్కితే గంటలోపే తెనాలి. ఆ శనివారమే వెళ్ళాను.

నాన్న రైల్వేలో గూడ్స్ క్లర్కు. పార్సిళ్ళకి చీటీలు కట్టడం, పుస్తకంలో ఎక్కించడం ఆయన ఉద్యోగం. ఇంట్లో పత్రికలకీ అదే పద్ధతి. అటక మీద పద్దెనిమిది గోనె సంచులు, రెండు రేకు పెట్టెలు. ప్రతి సంచి మూతికీ పురికొసతో ఒక అట్టముక్క, దాని మీద సిరాతో లోపల ఏముందో. 'ప్రభ వీక్లీ 76', 'యువ', 'విజయచిత్ర', 'అన్నదాత', 'చందమామ' అని. నాలుగు సంచులు మాత్రం పూర్తిగా తడిసిపోయాయి. వాటి చీటీల మీద సిరా కరిగి నీలం మరకే మిగిలింది. గోనె ముట్టుకుంటే చల్లగా, బూజు వాసన.

బెంగుళూరు నుంచి తమ్ముడు ఫోన్‌లో ఉన్నాడు. "అక్కా, ముందు ఆ తడిసినవి బయట పడేయ్. అమ్మకి అసలే ఆయాసం, ఆ చెమ్మ వాసన పడదు" అన్నాడు. వాడు చెప్పింది సబబే. కానీ నేను చేసిన తప్పు ఏమిటంటే, సంచుల మూతులు విప్పి చూడలేదు. వీధిలో పాత పేపర్ల బండి కేక వినిపిస్తే పిలిచేశాను. ఆయన కొక్కెం తక్కెడకి ఒక్కో సంచీ తగిలించాడు. తడి బరువు కలిసిందని కిలో పదమూడు రూపాయలకి బేరం కుదిరింది. మొత్తం తొంభై ఆరు కిలోలు. 1,248 రూపాయలు. అమ్మ ఆ డబ్బు దేవుడి గూట్లో పెట్టింది.

మిగిలిన పద్నాలుగు సంచులూ హాల్లోకి దింపి, ఫ్యాను కింద ఒక్కొక్కటీ విప్పుకుంటూ కూర్చున్నాను. మూడో సంచిలో చందమామలు బయటపడ్డాయి. ఒక అట్ట మీద వపా బొమ్మ, మూలన ఆ చిన్న సంతకం. వడ్డాది పాపయ్యగారి ఆ నీలాలూ ఆ పసుపులూ ఇన్నేళ్ళయినా అలాగే ఉన్నాయి. చిన్నప్పుడు నేలమీద బోర్లా పడుకుని చూసిన అట్ట అది. ఫోన్‌తో ఒక ఫోటో తీసి, 'మా నాన్న దాచిన చందమామ' అని ఫేస్‌బుక్‌లో పెట్టాను. అంతకు మించి నాకు వేరే ఉద్దేశం లేదు. రాత్రి భోజనాల వేళకి తొమ్మిది మెసేజ్‌లు. అందులో ఆరుగురు అడిగింది ఒకటే మాట: "అమ్ముతారా?"

అలా మొదలైంది. ఆ జూలై నుంచి సంక్రాంతి దాకా, శని ఆదివారాల్లో, నేనూ అమ్మా కలిసి నాన్న పత్రికలు అమ్మాం. ఎవరైనా ఇంట్లో మూటలున్నవాళ్ళు చదువుతారని, తెలుసుకున్నవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

పాతది కాబట్టి విలువ ఉంటుందని నేనూ మొదట అనుకున్నాను. అది నిజం కాదు. 1970ల నాటి వారపత్రికలు నా దగ్గర వందల్లో ఉన్నాయి, వాటిలో చాలా భాగాన్ని ఎవరూ అడగలేదు. అడిగేవాడికి ఏది లోటుగా ఉందో దాన్ని బట్టే ధర. ఒకాయన పుట్టిన నెల చందమామ కావాలంటాడు. ఇంకొకాయన దగ్గర ఒక సంవత్సరం పన్నెండు సంచికల్లో పదకొండున్నాయి, ఆ పన్నెండోదాని కోసం ఏడేళ్ళుగా వెతుకుతున్నాడు. ఆ ఒక్కటీ మన దగ్గరుంటే ఆయనకి అది బంగారం, మిగతావాళ్ళకి అందులో ప్రత్యేకమేమీ లేదు. అందుకే 'పాత చందమామలు ఉన్నాయి' అని పెడితే లాభం లేదు. నెల, సంవత్సరం విడివిడిగా రాసి పెట్టాలి. నేను అలా జాబితా పెట్టిన రోజు నుంచే నిజమైన కొనుగోలుదార్లు వచ్చారు.

చందమామ 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు మద్రాసులో మొదలుపెట్టారు. చక్రపాణిగారిది మా తెనాలే. 1952 నుంచి చనిపోయేదాకా, అంటే 1980 దాకా, దాన్ని నడిపిన కొడవటిగంటి కుటుంబరావు (కొ.కు.)గారు పుట్టిందీ తెనాల్లోనే. "మద్రాసులో అచ్చవుతుంది గానీ అది మనూరి పత్రికేనే" అని నాన్న గర్వంగా చెప్పేవారు. కొనేవాళ్ళు కూడా ఎక్కువగా అడిగేది ఆ కొ.కు. కాలం నాటి సంచికలే. దాసరి సుబ్రహ్మణ్యంగారి సీరియల్, దానికి 'చిత్ర' వేసిన బొమ్మలు, బేతాళ కథకి శంకర్ బొమ్మ, ఇవన్నీ ఒకే సంచికలో దొరికే రోజులు అవి. ఒక సీరియల్ మొదటి భాగం నుంచి ఆఖరి భాగం దాకా తెగకుండా ఉంటే విడివిడిగా అమ్మకూడదు. నేను తెలియక ఒక సీరియల్ మధ్యలోంచి రెండు సంచికలు వేరే ఆయనకి పంపేశాను. తర్వాత వారం పూర్తి వరస కావాలని ఒక డాక్టరుగారు అడిగారు. అప్పటికే వరస తెగిపోయింది.

మా దగ్గర చందమామలు విడిగా నూట పద్దెనిమిది అమ్ముడుపోయాయి. 1958 నుంచి 60ల చివరిదాకా ఉన్నవి ఇరవై రెండు, వాటికి సగటున నాలుగు వందలు వచ్చాయి. 70లవి యాభై ఒకటి, నూటయాభై చొప్పున. 80లవి నలభై అయిదు, అరవై చొప్పున. వీటి మీదే 19,150 రూపాయలు. అట్ట లేనిదానికి సగం ధర కూడా పలకదు. మధ్య పిన్నుల దగ్గర పేజీ ఊడిపోతే ఇంకా తగ్గుతుంది. ఇవన్నీ నేను ముందే చెప్పేదాన్ని. ముందు అట్ట, వెనక అట్ట, పిన్నుల తుప్పు, చిరిగిన పేజీ, ఎవరైనా పెన్నుతో మీసాలు గీసిన బొమ్మ, అన్నీ ఫోటోలు తీసి పంపేదాన్ని. 'మంచి కండిషన్' అన్న మాట ఎక్కడా రాయలేదు. లోపం చెబితే కొనరేమో అని మొదట్లో టెన్షన్ ఉండేది. కానీ చెప్పాకే నమ్మకం కుదిరి, ఒకటి కొన్నవాళ్ళు పది కొన్నారు.

సినిమా పత్రికల సంగతి వేరు. విజయచిత్ర ముప్పై నాలుగు సంచికలుంటే రెండు వారాల్లో అన్నీ అయిపోయాయి. రంగుల బొమ్మలున్న నిగనిగలాడే పేజీలు, పాత తారల ఫోటోలు. వాటిని కొనేవాళ్ళలో కొందరు ఆ పేజీలు కోసి ఫ్రేము కట్టించుకుంటారట. నాకు మనసొప్పలేదు గానీ, అమ్మాక అది వాళ్ళ సొత్తు. యువ దీపావళి ప్రత్యేక సంచికలు తొమ్మిది, ఒక్కోటి మూడు వందలు. సోవియట్ భూమి పత్రికని అడిగేవాళ్ళుంటారని అసలు ఊహించలేదు. మా చిన్నప్పుడు బడి మొదలయ్యే ముందు ఆ నున్నటి కాగితం కోసం ఇంటింటికీ తిరిగి, నోటుపుస్తకాలకి అట్టలేసుకునేవాళ్ళం. అలా అందరూ అట్టలకి వాడేసినందువల్లే ఇప్పుడు పూర్తి సంచికలు అంత తేలిగ్గా దొరకడం లేదు. పన్నెండు సంచికలు యాభై చొప్పున ఒక కాలేజీ లెక్చరర్ తీసుకున్నారు. అన్నదాత సంచికలు మాత్రం అమ్మలేదు. మా పెదనాన్నగారి అబ్బాయి కొల్లిపరలో వ్యవసాయం చేస్తాడు. సంచీతో పాటు ఇచ్చేశాను.

ఇప్పుడు అమ్మ పుస్తకాల గురించి చెప్పాలి. చందమామలు నాన్నవైతే, సీరియళ్ళు అమ్మవి. ఆ రోజుల్లో చాలా ఇళ్ళలో చేసినట్టే, వారపత్రిక రాగానే చదివి, సీరియల్ పేజీలు జాగ్రత్తగా కత్తిరించి, బీరువా కింద అరలో పెట్టేది. సీరియల్ అయిపోయాక వాటిని వరసగా పేర్చి, దబ్బనంతో పురికొస కుట్టి, బోసు రోడ్డులో బైండింగ్ చేసే ఆయనకి ఇచ్చేది. కాలికో గుడ్డ అతుకు, గట్టి అట్ట, దాని మీద అమ్మ చేతిరాతతో పేరు. అలాంటివి పదిహేనున్నాయి. వాటిలో బాపు బొమ్మలతో వచ్చిన సీరియళ్ళు నాలుగు. నవలగా అచ్చయినప్పుడు ఆ బొమ్మలన్నీ రావు కాబట్టి, ఇలా వారపత్రిక పేజీలతో కుట్టినదానికి గిరాకీ. ఇందులో ఒక చిత్రమైన లెక్క ఉంది. పేజీలు కత్తిరించినందువల్ల ఆ వారపత్రికలన్నీ తూకానికి తప్ప పనికిరాకుండా పోయాయి. కానీ కత్తిరించిన పేజీలతో అమ్మ కుట్టిన ఒక్కో పుస్తకం నాలుగు వందలకి పోయింది.

అవి అమ్మకానికి పెట్టనా అని అడగడానికి నాకు నోరు రాలేదు. అమ్మే అంది. "నాకు కళ్ళు కనపడనప్పుడు అవి అక్కడుంటే ఏం లాభమే? చదివేవాళ్ళకి ఇవ్వు. కానీ ఎవరికిస్తున్నావో నాకు చెప్పు." అప్పటినుంచి ప్రతి పుస్తకానికీ ఒక తంతు. కొనేవాళ్ళ ఊరు, వాళ్ళు ఏం చేస్తుంటారు, ఎందుకు కావాలి, నేను అడిగి అమ్మకి చెప్పాలి. పంపే ముందు రాత్రి భూతద్దం పెట్టుకుని మొదటి భాగమైనా చదువుకునేది. నల్గొండ నుంచి ఒకావిడ, నర్సుగా చేసి రిటైరయ్యారట, ఒక సీరియల్ కోసం అడిగారు. హాస్టల్లో ఉండగా ఆఖరి నాలుగు భాగాలూ చదవడానికి దొరకలేదట, కథ ఏమైందో ఇప్పటికీ తెలీదట. అమ్మ ఫోన్ తీసుకుని ఆవిడకి కథంతా చెప్పేసింది. నేను పక్కనుంచి వద్దని సైగ చేస్తున్నా ఆగలేదు. ఆవిడ అంతా విని, అయినా పుస్తకం పంపమన్నారు. పదిహేనింటిలో పద్నాలుగు అమ్ముడయ్యాయి. పదిహేనోది ఇస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. అది నేను కడుపులో ఉన్నప్పుడు వచ్చిన సీరియల్.

పంపడం గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడే చాలామంది పోగొట్టుకుంటారు. ఆ రోజుల నాటి న్యూస్‌ప్రింట్ కలప గుజ్జుతో చేసింది. గాలీ వెలుతురూ తగిలేకొద్దీ గోధుమరంగుకి మారి పెళుసెక్కుతుంది. కొన్ని పేజీలు పట్టుకుంటే అప్పడంలా విరిగాయి. అందుకే చుట్ట చుట్టి పంపకూడదు. ఒక్కోదాన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి, అటూ ఇటూ గట్టి అట్టముక్కలు పెట్టి, మూలలు కదలకుండా టేపు వేసి, ఆపైన ఇంకో కవరు. సెల్లో టేపు పత్రికకి మాత్రం అస్సలు తగలకూడదు. చిరిగిన చోట మంచి ఉద్దేశంతో టేపు అంటించినవి నాన్న పెట్టెల్లోనే కొన్నున్నాయి, ఆ జిగురు పసుపు మరకై అక్షరాల్లోకి ఇంకిపోయింది. తుప్పు పిన్నులు కూడా ఊడబెరక్కూడదు. తేమ పోవాలని ఎండలో పెట్టకూడదు, నీడన ఫ్యాను గాలికి ఆరబెట్టాలి. స్పీడ్ పోస్టులో పంపి నంబరు వెంటనే వాట్సాప్ చేసేదాన్ని. డబ్బు బ్యాంకులో పడ్డాకే ప్యాకెట్ కట్టేదాన్ని. ఒక్కసారి మాత్రం డబ్బు పంపినట్టున్న స్క్రీన్‌షాట్ చూసి, బ్యాంకు ఖాతా చూడకుండా ఆరు చందమామలు పంపేశాను. ఆ డబ్బు రాలేదు, ఆ మనిషి మళ్ళీ ఫోనెత్తలేదు.

విజయవాడ అలంకార్ సెంటర్లో పాత పుస్తకాల కొట్లవాళ్ళనీ అడిగి చూశాను. నేను విడిగా రెండు వందలకి అమ్మగలిగినదాన్ని వాళ్ళు యాభైకి అడిగారు. అందులో అన్యాయమేమీ లేదు. వాళ్ళు ఎండలో, వానలో ఆ పేవ్‌మెంట్ మీద నెలల తరబడి దాన్ని పెట్టుకుని కూర్చోవాలి, ఎప్పుడమ్ముతుందో తెలీదు. ఓపిక, టైమూ లేనివాళ్ళు వాళ్ళకి ఇచ్చేయడమే మంచిది, కనీసం చదివేవాళ్ళ చేతికి చేరుతుంది. ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి, ఆంధ్రపత్రిక వీక్లీల్లో కత్తెర పడని నలభై సంచికలు అరవై చొప్పున అక్కడే ఒకాయన తీసుకున్నారు.

ఇంకో పత్రికని కూడా అమ్మలేదు. రేకు పెట్టె అడుగున పాత భారతి సంచికలు ఏడున్నాయి. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1924లో మొదలుపెట్టిన సాహిత్య మాసపత్రిక అది. నాన్నకి ఎవరిచ్చారో అమ్మకీ గుర్తు లేదు. వాటికి మంచి ధరే చెప్పారు ఒకరు. కానీ అవి ఒకరి బీరువాలోకి వెళ్ళడం నాకిష్టం లేకపోయింది. హైదరాబాద్ వెళ్ళినప్పుడు బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం లైబ్రరీలో ఇచ్చి వచ్చాను. అక్కడ పరిశోధన చేసుకునేవాళ్ళు వచ్చి చూస్తారు.

మొత్తం లెక్క ఇది. విడిగా అమ్మినవాటి మీద 34,530. ఎవరికీ అక్కర్లేకుండా మిగిలినవి నూట అరవై కిలోలు, ఈసారి పొడిగా, ప్రతి సంచీ విప్పి చూసుకుని, కిలో పన్నెండు చొప్పున ఇచ్చాను, 1,920. ముందు తడిసినవి 1,248. కవర్లు, అట్టలు, టేపు, ఆటోలకి 2,450 ఖర్చు. పోస్టేజీ కొనేవాళ్ళదే. చేతిలో మిగిలింది 35,248 రూపాయలు. అందులో ముప్పై ఒక్క వేలు పెట్టి శ్లాబుకి వాటర్ ప్రూఫింగ్ చేయించాం. ఏ కారుడు వల్ల ఈ మూటలు దిగాయో ఆ కారుడు ఆగింది. మిగిలింది అమ్మ దగ్గరే ఉంది.

ఇక్కడితో ఆపేయొచ్చు. కానీ నేను ఇది రాయడానికి కూర్చున్నది వేరే సంగతి కోసం.

నవంబర్లో ఖమ్మం నుంచి ఒకాయన ఫోన్ చేశారు. నా జాబితా చూశారట. "మేడం, మీ జాబితాలో 71, 73 ఉన్నాయి, 72 లేవేంటండీ?" అని అడిగారు. నా దగ్గర లేవని చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు. చందమామ చివరి పేజీల దగ్గర రెండు ఫోటోలు వేసి, వాటికి తగ్గ మాటలు రాసి పంపమని పోటీ పెట్టేవారు కదా. వాళ్ళమ్మగారు తొమ్మిదో తరగతిలో ఉండగా రాసి పంపితే బహుమతి వచ్చి, ఆవిడ పేరూ ఊరూ అచ్చయ్యాయట. మనియార్డరు పట్టుకుని పోస్ట్‌మ్యాన్ వస్తే ఊరంతా చూడ్డానికి వచ్చారట. ఆ సంచిక ఎవరో చదివి ఇస్తామని తీసుకెళ్ళి ఇవ్వలేదు. ఇప్పుడు ఆవిడకి మతిమరుపు. పొద్దున ఏం తిన్నారో గుర్తుండదు, కానీ ఆ చందమామ మాత్రం రోజూ అడుగుతున్నారట. "నా పేరు పడ్డ పుస్తకం ఏదిరా" అని. 1972 అని మాత్రం ఆయనకి తెలుసు, ఏ నెలో తెలీదు.

ఫోన్ పెట్టేశాక నాన్న పుస్తకం తీశాను. రేకు పెట్టెలోనే దొరికింది అది, గూడ్స్ ఆఫీసు పాత రిజిస్టరు. సంవత్సరాల వారీగా ప్రతి పత్రికకీ గళ్ళు, వచ్చినదానికి టిక్కు. చివర్లో సంచి నంబర్లు. 1972 చందమామ వరసలో పన్నెండు టిక్కులూ ఉన్నాయి. సంచి నంబరు 4. హాల్లోకి దింపిన పద్నాలుగు సంచుల్లో 4 లేదు. నీలం మరక మిగిలిన ఆ నాలుగింటిలో ఒకటి అది.

తర్వాతి శనివారం ఆ పేపర్ల బండాయన కోసం వీధిలో కూర్చున్నాను. వచ్చాడు. "బాబాయ్, జూన్లో మా ఇంట్లో నాలుగు తడి సంచులు తీసుకెళ్ళావు, గుర్తుందా?" అన్నాను. గుర్తుంది ఆయనకి. నన్ను వెంటబెట్టుకుని తాను సరుకు వేసే కొట్టుకి తీసుకెళ్ళాడు. అక్కడివాళ్ళు చెప్పింది నేను ఊహించిందే. తడి కాగితం ఉంచరు, బేళ్ళు కట్టి అదే వారం లారీకి ఎత్తేస్తారు. మిల్లులో అది గుజ్జయి అయిదు నెలలయింది. బండాయన నా మొహం చూసి, "ఏమన్నా కాగితాలు మర్చిపోయారామ్మా, ఆస్తివా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తెలియక అవునన్నాను.

ఖమ్మం ఆయనకి ఈ విషయం దాచలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కోప్పడలేదు. "మీకేం తెలుసండీ" అన్నారు. ఆ మాట తర్వాతే నాకు నిద్ర పట్టలేదు.

అప్పటినుంచి వెతుకుతున్నాను. నా దగ్గర కొన్నవాళ్ళందరికీ మెసేజ్ పెట్టాను. సంపుటాలు ఉన్నవాళ్ళని అమ్మమని అడగలేదు, ఆ ఒక్క పేజీ ఫోటో తీసి పంపమన్నాను. డాక్టరుగారు, వరస తెగిందని నా మీద కినుక వహించిన ఆయనే, రాత్రి పదకొండింటికి బీరువా తెరిచి నాలుగు నెలల పేజీలు పంపారు. కర్నూలు నుంచి ఒకరు రెండు పంపారు. జనవరి మొదటి ఆదివారం హైదరాబాద్‌లో ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద, మూసేసిన షాపుల ముందు పరిచిన పుస్తకాల్లో పొద్దున్నుంచి రెండింటిదాకా తిరిగితే ఇంకొకటి దొరికింది. కోఠీలో మరొకటి, అట్ట లేదు, లోపల ఆ పేజీ ఉంది. అన్నిటిలోనూ ఎవరెవరివో పేర్లు. గుడివాడ, కడప, ఖరగ్‌పూర్, బళ్ళారి. ప్రతి పేరూ చదివాను. వాళ్ళ ఇళ్ళకి కూడా పోస్ట్‌మ్యాన్ వచ్చి ఉంటాడు.

నాన్న రిజిస్టర్లో 1972 వరస పక్కనే పెన్సిల్‌తో నేనూ గళ్ళు గీసుకున్నాను. ఎనిమిది టిక్కులయ్యాయి. మార్చి, జూన్, సెప్టెంబర్, డిసెంబర్ మిగిలాయి. పోయిన ఆదివారం అలంకార్ సెంటర్లో, నా వీక్లీలు కొన్నాయనే, "మేడమ్, మీరడిగింది వచ్చిందేమో చూడండి" అని ఒక కట్ట ముందు పెట్టాడు. అందులో సెప్టెంబర్ ఉంది. ఆయన స్టూలు మీద కూర్చుని చివరి పేజీల దాకా తిప్పాను. ఆవిడ పేరు కాదు.

మార్చి, జూన్, డిసెంబర్. మీ ఇంట్లో 1972 చందమామలుంటే ఆ మూడు నెలలూ ఒక్కసారి తీసి చూడండి. అమ్మక్కర్లేదు, పంపక్కర్లేదు. ఆ పేజీ ఫోటో చాలు.